అనంతపురం నుంచి సముద్రం అడుగుకు దారెటు?

అనంతపురం టౌన్‌లో ఎవరైనా వీపుకు సిలిండర్ తగిలించుకుని చెరువులోకి దిగారనుకోండి. స్కూబా లెక్కల్లో అది మామూలు డైవ్ కాదు, 'ఆల్టిట్యూడ్ డైవ్'. సముద్ర మట్టానికి 300 మీటర్ల పైన ఎక్కడ మునిగినా దానికి అదే పేరు. మన ఊరు సుమారు 335 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి సముద్రం ఒడ్డున ఉన్నదానికంటే ఓ 4 శాతం తక్కువ. దానికి తగ్గట్టు డైవ్ టైమ్ లెక్కలు మార్చుకోవాలి. అంతా బాగానే ఉంది. ఎత్తు సరిపోయింది. మరి మునగడానికి నీళ్లేవి?

ఉమ్మడి జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు. దేశంలో జైసల్మేర్ తర్వాత మనమే అని బడిలో టీచర్లు చెప్పేవాళ్లు, అదేదో ర్యాంకు వచ్చినట్టు. తూర్పున నెల్లూరు తీరమైనా, పడమట కర్ణాటక తీరమైనా గీత గీసినట్టు కొలిచినా 250 కిలోమీటర్లకు పైనే. అలాంటి చోటు నుంచి పోయినేడాది మా చిన్నాయన కూతురు ఫోన్ చేసింది. బీఎస్సీ జువాలజీ చదువుతోంది.

"అన్నా, మెరైన్ బయాలజీ చేయాలంటే డైవింగ్ రావాల్నా? ఈత రానోళ్లకు నేర్పిస్తారా?"

ఫోన్ వెనకాల నుంచి మా జేజి గొంతు వినిపిస్తోంది. "యాడ సముద్రం, యాడ మనం! బాయిలోనే నీళ్లు ల్యాకపాయె, ఈయమ్మి సముద్రంలేకి పోతాదంట!"

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి దీవిలో ఓపెన్ వాటర్ కోర్సు చేశాను కాబట్టి ఆ ప్రశ్నలో సగానికి జవాబు నాకు తెలుసు. మిగతా సగం, అంటే డైవింగ్‌ని ఒక చదువుగా ఎక్కడ నేర్పుతారు, మనలాంటి ఊళ్ల నుంచి దానికి దారి ఉందా అనేది తెలియదు. రెండు మూడు వీకెండ్లు దానిమీదే కూర్చున్నాను. చెల్లికి చెప్పిందే మీకూ చెబుతున్నా.

బాయి ఈత ఏమైపోయింది?

ముందు ఈత సంగతి. మా నాన్న వాళ్ల తరంలో పల్లెల్లో ఈత రాని మగపిల్లలు తక్కువ. స్కూల్ అయ్యాక నేరుగా బాయికే. రాతి కట్టుడు, పక్కన మెట్లు, నడుముకు బెండ్లు. మొదట్లో నాలుగు బెండ్లు కడతారు, ధైర్యం వచ్చేకొద్దీ ఒక్కోటి తీసేస్తారు. చివరి బెండు తీసిన రోజే ఈత వచ్చినట్టు. తర్వాత మోటారు రూము మీద నుంచి దూకడం, అడుగుకు వెళ్లి పిడికెడు బురద తెచ్చి చూపించడం. ఆడపిల్లలకు ఆ భాగ్యం కూడా లేదు, ఆ విషయం దాచడం ఎందుకు.

తర్వాత బోర్లు వచ్చాయి. ముందు వందల అడుగులు, ఆ తర్వాత వెయ్యి అడుగుల మాటలు. నీళ్లు కిందికి పోయేకొద్దీ బాయిలు ఎండాయి. మా ఊరి బాయిలో ఇప్పుడు కంపచెట్లున్నాయి. బాయి పోవడంతో ఈత నేర్పే బడి కూడా పోయింది. నా వయసు వాళ్లలో ఈత వచ్చినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. 2012 నుంచి హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్లు జీడిపల్లి రిజర్వాయర్‌కి రావడం మొదలైంది. ఊరూరా ఫారం పాండ్లు తవ్వారు. క్వారీ గుంతల్లో వాన నీళ్లు నిలుస్తున్నాయి. నీళ్లు వెనక్కి వచ్చాయి, ఈత రాలేదు. ఎండాకాలం సెలవుల్లో జిల్లా పేజీ తిరగేస్తే తెలుస్తుంది. 'గజ ఈతగాళ్లను రప్పించారు' అన్న వాక్యం కనబడిందంటే ఇక ఆ వార్తలో ఆశలేనట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా నీళ్లలో మునిగి చనిపోయినవాళ్లు సుమారు 3 లక్షల మంది. వాళ్లలో పిల్లలూ చాలామందే. అందుకే చెల్లి అడిగిన 'ఈత రానోళ్లకు నేర్పిస్తారా' అన్న ప్రశ్న నాకు స్కూబా ఒక్కదాని గురించే అనిపించలేదు.

జవాబు ఇదీ. టూరిస్టులు గోవాలోనో అండమాన్‌లోనో ఒక పూట చేసే డైవ్‌కి ఈత అక్కర్లేదు. ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని పట్టుకునే ఉంటాడు, మీరు సంచిలో పిల్లిలా ఆయన వెంట వెళ్లి ఫొటో దిగి రావడమే. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం కావాలి. 'ప్యాడీ' సంస్థ ఓపెన్ వాటర్ కోర్సులో 200 మీటర్లు ఆగకుండా ఈదాలి. ఏ స్టైల్ అయినా పర్లేదు, టైమ్ లిమిట్ లేదు. తర్వాత 10 నిమిషాలు దేన్నీ పట్టుకోకుండా నీళ్లపై తేలాలి. బెండ్లు తీసేసిన మా నాన్నకైతే ఇది పరీక్షే కాదు.

ఊపిరి బిగబట్టావో...

బాయిలో మొదటి పాఠం: ఊపిరి బిగబట్టు. స్కూబాలో మొదటి పాఠం: ఎట్టి పరిస్థితుల్లోనూ బిగబట్టకు. రెండూ కరెక్టే. ఎలాగో చూడండి.

భూమ్మీద మన మీద ఒక వాతావరణం ఒత్తిడి ఉంటుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఇంకొకటి కలుస్తుంది. 10 మీటర్ల లోతులో 2, 20లో 3, 30లో 4. బాయిలో దూకే పిల్లాడు పైన పీల్చిన గాలితోనే కిందికి వెళ్తాడు. ఆ గాలి కింద నలుగుతుంది, పైకి వచ్చేసరికి మళ్లీ మామూలు సైజుకు వస్తుంది. ప్రమాదం లేదు. స్కూబా డైవర్ మాత్రం కిందే గాలి పీలుస్తాడు, అదీ ఆ లోతు ఒత్తిడితో. 10 మీటర్ల దగ్గర ఊపిరితిత్తులు నింపుకుని, నోరు మూసుకుని పైకి వచ్చాడనుకోండి. ఆ గాలి రెండింతలు అవ్వాలని చూస్తుంది. ఊపిరితిత్తులు బెలూన్లు కావు కదా. అందుకే ఎప్పుడూ పీలుస్తూ వదులుతూనే ఉండాలి.

రెండో సంగతి నత్రజని. లోతులో ఉన్నంతసేపూ అది రక్తంలో, కండరాల్లో కరుగుతూ ఉంటుంది. గోలీ సోడా గుర్తుందా? గోలీ బిగుసుకుని ఉన్నంతసేపూ నీళ్లు కదలవు. గోలీ నొక్కగానే బుస్సున పొంగుతుంది. డైవర్ గబగబా పైకి వస్తే ఒంట్లో జరిగేదీ అదే. ఆ బుడగలు కీళ్లలో, నరాల్లో చేరితే మనిషి కుప్పకూలిపోవచ్చు. అందుకే నెమ్మదిగా రావాలి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి. ఒక డైవ్ చేశాక కనీసం 12 గంటలు, వరసగా కొన్ని చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదు.

బెంగళూరు, అనంతపురం వాళ్లకు ఇక్కడ ఇంకో ముడి ఉంది. నేత్రాణిలో మధ్యాహ్నం డైవ్ ముగించి సాయంత్రం బస్సెక్కితే ఘాట్ ఎక్కి 900 మీటర్ల ఎత్తుకు వస్తారు. విమానం కాకపోయినా ఎత్తు ఎత్తే. సోమవారం స్టాండప్ మీటింగ్ ఉందని తొందరపడొద్దు. ఆ రాత్రి అక్కడే పడుకుని మర్నాడు బయల్దేరడం మంచిది.

గాలి లెక్క కూడా సింపుల్. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడితో గాలి నింపితే 2400 లీటర్లు. అందులో 50 బార్, అంటే 600 లీటర్లు, ముట్టుకోకుండా మిగల్చాలి. మిగిలేది 1800. మనిషి పైన నిమిషానికి 20 లీటర్లు వాడతాడనుకుంటే 10 మీటర్ల లోతులో 40, 20 మీటర్లలో 60 లీటర్లు. అంటే 10 మీటర్ల దగ్గర 45 నిమిషాలు, 20 దగ్గర అరగంట. భయపడితే ఇందులో సగమే. కంగారుపడే మనిషి గాలిని తాగేస్తాడు. నా మొదటి డైవ్‌లో నా బడ్డీ కంటే నా గాలి ఎప్పుడో అయిపోవచ్చింది, ఇద్దరం కలిసే పైకి వచ్చాం. నీళ్లలో రూల్ అదే. ఒకరి గాలి అయిపోవస్తే ఇద్దరి డైవ్ ముగిసినట్టు.

చూసి రావడం కాదు, కొలిచి రావడం

ఇక చెల్లి అసలు ప్రశ్న. స్కూబా వస్తే సైంటిఫిక్ డైవింగ్ వచ్చినట్టు కాదు. బండి నడపడం వచ్చినంత మాత్రాన అంబులెన్స్ డ్రైవర్ అయిపోరు కదా, అలాగే. సైంటిఫిక్ డైవర్ కిందికి వెళ్లేది పని మీద. అడుగున 20 మీటర్లో, 50 మీటర్లో టేపు పరుస్తారు. దాని పక్కన చదరపు ఫ్రేము పెట్టి, అందులో ఎంత పగడం బతికి ఉంది, ఎంత తెల్లబడింది, ఎన్ని చేపలు వచ్చాయి లెక్కిస్తారు. తడిసినా చెరగని పలక మీద మామూలు పెన్సిల్‌తోనే రాస్తారు. ఇదంతా చేస్తున్నప్పుడు ఒళ్లు తేలిపోకూడదు, మునిగిపోకూడదు, కాలి ఫిన్ పగడానికి తగలకూడదు. అంటే ఈదడం, ఊపిరి, లోతు ఇవన్నీ ఆలోచించకుండానే జరిగిపోవాలి. అప్పుడే బుర్ర లెక్క మీద ఉంటుంది.

దీన్ని ఒక చదువుగా మార్చింది అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర శాస్త్ర సంస్థ. కూస్తో, గాన్యాన్ 1943లో ఫ్రాన్స్‌లో ఆక్వాలంగ్ తయారుచేశారు. అది చేతికి రాగానే శాస్త్రవేత్తలు ఎవరికి తోచినట్టు వాళ్లు దూకేయడం మొదలుపెట్టారు. 1950ల మొదట్లో స్క్రిప్స్‌లో కాన్రాడ్ లింబా అనే జీవశాస్త్ర పరిశోధకుడు ఒక పద్ధతి ప్రకారం శిక్షణ మొదలుపెట్టాడు. అంత జాగ్రత్త నేర్పిన మనిషి 1960లో ఫ్రాన్స్‌లో నీటి గుహలో దారి తప్పి చనిపోయాడు. ఈ రంగంలో రూల్స్ ఎందుకంత గట్టిగా ఉంటాయో ఆ ఒక్క సంగతి చాలు.

ఇప్పుడు అక్కడి యూనివర్సిటీలకు ఉమ్మడిగా అమెరికన్ అకాడమీ ఆఫ్ అండర్‌వాటర్ సైన్సెస్ అనే సంస్థ ఉంది. సైంటిఫిక్ డైవర్ అనిపించుకోవాలంటే దాని లెక్క ప్రకారం 100 గంటల శిక్షణ, కనీసం 12 ఓపెన్ వాటర్ డైవ్‌లు ఉండాలి. డాక్టర్ సర్టిఫికెట్ తప్పనిసరి. ఈత పరీక్ష కూడా గట్టిదే. 400 గజాలు 12 నిమిషాల్లోపు ఈదాలి, 25 గజాలు పైకి తేలకుండా నీళ్లలోనే వెళ్లాలి, కదలని మనిషిని 25 గజాలు లాక్కురావాలి. అదీ ఫిన్స్ లేకుండా.

సముద్రం లేని ఇండియానా

నేను వెతుకుతున్నప్పుడు బాగా పట్టుకున్నది ఇండియానా యూనివర్సిటీ కథ. అమెరికా మ్యాప్‌లో ఇండియానా మధ్యలో, మొక్కజొన్న పొలాల్లో ఉంటుంది. బ్లూమింగ్టన్ క్యాంపస్ నుంచి ఏ సముద్రానికి వెళ్లాలన్నా వందల కిలోమీటర్లు. మన వేరుశనగ సీమకు చుట్టం అనుకోండి. అయినా అక్కడ స్విమ్మింగ్ పూల్‌లో స్కూబా నేర్పి, క్రెడిట్లు ఇచ్చి, అండర్‌వాటర్ సైన్స్ చదివిస్తారు. పూల్‌లో నేర్చుకుని ఫీల్డ్ వర్క్‌కి కరీబియన్ వెళ్తారు.

2007లో డొమినికన్ రిపబ్లిక్‌లోని కాటలీనా దీవి దగ్గర ఆ యూనివర్సిటీ బృందం చార్లెస్ బీకర్ ఆధ్వర్యంలో ఒక నౌక శిథిలాన్ని గుర్తించింది. లోతు ఎంతో కాదు, సుమారు 10 అడుగులు! ఫిరంగులు గుట్టగా పడి ఉన్నాయి. అది కెప్టెన్ కిడ్ అనే పేరుమోసిన సముద్రపు దొంగ 1698లో మన పడమటి తీరం దగ్గర పట్టుకున్న 'కెదా మర్చంట్'. చెక్క ముక్కను పరీక్షిస్తే టేకు అని తేలింది. మన దేశంలో కట్టిన ఓడ అది. దాన్ని కరీబియన్‌లో వెతికి పట్టుకున్నది సముద్రం లేని రాష్ట్రంలోని ఒక యూనివర్సిటీ. మా జేజికి చెబితే "దొంగ సొమ్ము యాడికి పోయినా దొరుకుతాది" అంది. ఆమె దృష్టిలో కథ అంతే.

ఎంఎస్‌కి అమెరికా వెళ్తున్న మనోళ్లు ఒక్కసారి మీ యూనివర్సిటీ కోర్సుల లిస్టులో 'స్కూబా' అని కొట్టి చూడండి. చాలా క్యాంపస్‌లలో అది ఒకటి రెండు క్రెడిట్ల ఎలెక్టివ్. కంప్యూటర్ సైన్స్ వాళ్లకైనా ఇస్తారు.

మరి మన దగ్గర?

నిజం చెప్పాలంటే మన దగ్గర డైవింగ్ ఇంకా సిలబస్ బయటే ఉంది. మెరైన్ బయాలజీ చదవాలంటే చోట్లు ఉన్నాయి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, తమిళనాడు పరంగిపేటలో అన్నామలై యూనివర్సిటీ కేంద్రం, కొచ్చిలో కుసాట్, పోర్ట్‌బ్లెయిర్‌లో పాండిచ్చేరి యూనివర్సిటీ క్యాంపస్. మనకు దగ్గర్లో నెల్లూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ ఉంది. మన జిల్లాలో ఇసుక తప్ప ఏమీ కనిపించని పెన్నా సముద్రంలో కలిసేది ఆ జిల్లాలోనే. అయితే వీటిలో ఎక్కడ చేరినా డైవింగ్ సర్టిఫికెట్ చాలామంది సొంత డబ్బుతో ప్రైవేట్ సెంటర్లోనే తెచ్చుకుంటారు. ఓపెన్ వాటర్ కోర్సుకు సుమారు పాతిక నుంచి నలభై వేలు. దానికి ప్రయాణం, బస అదనం. విశాఖ రుషికొండ, పుదుచ్చేరి, నేత్రాణి, అండమాన్‌లలో నేర్పుతారు. మహారాష్ట్ర తార్కర్లీలో అక్కడి టూరిజం శాఖ సంస్థ నడిపే స్కూబా శిక్షణ కేంద్రం ఉంది.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఎమ్మెస్సీ చదివే పిల్లకు మైక్రోస్కోప్ కొనుక్కురమ్మని ఏ కాలేజీ అయినా చెబుతుందా? సముద్రం చదివేవాళ్లకు సముద్రంలోకి దిగడం అంతే అవసరం. అది ఫీజులో భాగంగా, స్కాలర్‌షిప్‌లో భాగంగా ఉండాలి. లేకపోతే పగడాల మీద పరిశోధన చేసేది నలభై వేలు పక్కన పెట్టగలిగిన ఇళ్ల పిల్లలే అవుతారు. మా చిన్నాయనకు వేరుశనగ పంట పోయిన ఏడు ఆ నలభై వేలు అంటే ఎంతో వడ్డీ వ్యాపారిని అడిగితే చెబుతాడు.

సామర్థ్యం లేక కాదు. 1980ల్లో గోవాలోని జాతీయ సముద్ర అధ్యయన సంస్థ నుంచి ఎస్.ఆర్. రావు బృందం ద్వారక దగ్గర నీటి అడుగున పరిశోధన చేసింది. 2025 ఫిబ్రవరిలో భారత పురాతత్వ సర్వే సంస్థ అలోక్ త్రిపాఠి నాయకత్వంలో మళ్లీ అక్కడ దిగింది. ఐదుగురి బృందంలో ముగ్గురు మహిళలు. ఆ ఫొటో చెల్లికి పంపాను. వాట్సాప్ డీపీ అదే పెట్టుకుంది.

మన నీళ్ల అడుగున

తెలుగు నేల మీద నీటి అడుగున పని లేదా అంటే బోలెడు. నాగార్జునసాగర్ నిండకముందు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్వారు. దొరికినవాటిలో కొన్నిటిని కొండపైకి తరలించారు, లోయ మాత్రం నీటి కిందే ఉంది. శ్రీశైలం రిజర్వాయర్‌లో సంగమేశ్వరం గుడి ఏడాదిలో చాలా నెలలు మునిగే ఉంటుంది. నీటిమట్టం బాగా తగ్గినప్పుడు బయటికి వస్తుంది, వేపలింగానికి మళ్లీ పూజలు మొదలవుతాయి. మునిగి ఉన్నప్పుడు ఆ రాళ్లకు ఏమవుతోంది, ఎంత పూడిక పేరుకుంది? ఇలాంటివి కొలవడం సైంటిఫిక్ డైవర్ల పనే. సముద్రంలా తేటగా ఉండదు. బురద నీళ్లలో చెయ్యి చాపితే వేళ్లు కనబడవు. చేపల ఫొటోల కోసం వచ్చేవాళ్లకు ఇది నచ్చదు.

మనం డైవర్లను గుర్తు చేసుకునేది ప్రమాదం జరిగినప్పుడే. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం 37 రోజుల తర్వాత, అక్టోబర్ 22న దాన్ని బయటికి లాగింది. విశాఖ నుంచి వచ్చిన డైవర్లు ఆ సుడుల్లో దిగి తాళ్లు బిగించారు. 2024 సెప్టెంబర్ వరదల్లో ప్రకాశం బ్యారేజీ గేట్లకు పడవలు అడ్డం పడితే, వాటిని నీటి అడుగున కోయడానికి మళ్లీ విశాఖ డైవర్లే వచ్చారు. ఇది కమర్షియల్ డైవింగ్. సైంటిఫిక్ డైవింగ్ కంటే కష్టం, రిస్కు రెండూ ఎక్కువ. దీన్నీ ఒక చదువుగా, సర్టిఫికెట్‌తో, బీమాతో నేర్పాల్సిన అవసరం మన దగ్గర ఎంతైనా ఉంది.

మా ఫీల్డ్ వాళ్లకు కూడా ఇందులో చోటుంది. ఒక్కో సర్వేలో వేల ఫొటోలు పోగవుతాయి. వాటిలో ఏది బతికిన పగడం, ఏది నాచు అని గుర్తుపట్టడానికి కోరల్‌నెట్ లాంటి ఏఐ టూల్స్ వాడుతున్నారు. వరస ఫొటోల నుంచి అడుగు భాగాన్ని త్రీడీ మోడల్‌గా కడుతున్నారు. ఇంట్లో కూర్చునే చేయొచ్చు. అయితే ఆ ఫొటో ఎందుకు మసగ్గా వచ్చిందో, స్కేల్ ఎందుకు వంకరగా పడిందో ఒక్కసారి కింద దిగినవాడికి తెలిసినట్టు మిగతావాళ్లకు తెలియదు.

ఉద్యోగాలు గుట్టలుగా ఉన్నాయని చెల్లికి చెప్పలేదు. ప్రాజెక్టు ఫెలోగా మొదలై, రెండు మూడేళ్లకోసారి కొత్త ప్రాజెక్టు వెతుక్కునే బతుకు చాలామందిది. అది కూడా చెప్పాను. ఆస్తమా, మూర్ఛ, గుండె సమస్య, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే డాక్టర్ ఒప్పుకునేదాకా డైవింగ్ మాటే ఎత్తొద్దని కూడా చెప్పాను. చెవులు చూపించుకుంది, ఏమీ లేదన్నారు.

ఇప్పుడు పొద్దున్నే ఆడవాళ్ల బ్యాచ్‌లో ఈతకు వెళ్తోంది. పూల్ చిన్నది, ఈ చివర నుంచి ఆ చివరకు 25 మీటర్లు. నేత్రాణిలో వానాకాలం డైవింగ్ ఉండదు, మళ్లీ అక్టోబర్ నుంచి మొదలవుతుంది. అప్పటికి ఎనిమిది రౌండ్లు ఆగకుండా ఈదాలి. పోయిన ఆదివారానికి మూడు అయ్యాయి.